ప్రావిన్స్ జట్టు నుంచి క్లబ్బుకు వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవి బాబును ఆశీర్వదించి పెదనాన్న వ్రాయునది.

వైకాటో ప్రావిన్స్ రగ్బీ జట్టు వాళ్ళు ఈసారి నీ కాంట్రాక్టు పొడిగించలేదనీ, మార్చి నుంచి టె కూయిటి ఊరి వైపు ఒక క్లబ్బులో ఆడుతూ అక్కడి కుర్రాళ్ళకు కోచింగ్ కూడా ఇవ్వబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులు తెలిసిపోతోంది. రగ్బీ అంటే వాడికి ఇప్పటికీ కబడ్డీకి పెద్దన్నే. వైకాటోకు ఆడినవాడు మళ్ళీ ఊరి క్లబ్బులో దిగడం ఈ న్యూజిలాండ్ దేశంలో ఎంత మామూలు విషయమో వాడికెలా తెలుస్తుంది? మారిన్స్‌విల్ ప్రాంతపు క్లార్క్ అన్నదమ్ములు ఐదుగురూ 1961లో ఒకే మ్యాచ్‌లో వైకాటోకు ఆడారు. ఇక్కడి జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ తరఫున 133 మ్యాచులు ఆడిన కోలిన్ మీడ్స్ ఆడినన్నాళ్ళూ టె కూయిటి దగ్గరి పొలం వదలలేదు, అక్కడి వైటేటే క్లబ్బునూ వదలలేదు. ఆ గడ్డ మీద ఆడబోతున్నావంటే నాకు గర్వంగానే ఉంది. దానితోపాటు భయమూ ఉంది కనుకనే ఈ ఉత్తరం.

ముందుగా ఉద్యోగం చూసుకో. మీడ్స్ కాలంలో డబ్బు తీసుకుని ఆడే పద్ధతే లేదు, అందరికీ వేరే పని ఉండేది. 1995లో ఆట వృత్తిగా మారాక కుర్రాళ్ళు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగే ప్రావిన్స్ సీజన్‌నే ఏడాది పొడుగునా జీవనాధారం అనుకుంటున్నారు. మైదానంలో దెబ్బ తగిలితే వైద్యానికి ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ ఏసీసీ సాయం ఎవరికైనా అందుతుంది గానీ, పని చేయలేని వారాలకు ఆదాయంలో 80 శాతం ఇచ్చేది సంపాదిస్తున్నవాడికే. క్లబ్బు పెద్దలు శనివారం సాయంత్రం చేతిలో పెట్టే నోట్లు ఏ లెక్కలోకీ రావు. కోచింగ్‌కు జీతమైతే పన్ను కట్టిన జీతంగానే ఇమ్మని అడుగు, మొహమాటపడకు.

మంగళ, గురువారాల ప్రాక్టీసుకు నీకంటే ముందు ఎవరూ రాకూడదు. ఈ మాట నీకు చెప్పనక్కర్లేదు.

చెప్పవలసినది వేరే ఉంది. నేను జట్టు మేనేజరుగా ఉన్న రోజుల్లో, ప్రావిన్స్‌కు లాక్ స్థానంలో ఆడి వచ్చినవాడు ఒకడు మా క్లబ్బులో చేరాడు. గీత బయటి నుంచి విసిరిన బంతిని అందుకునే లైనవుట్‌లో వాడు ఎగిరితే అవతలివాళ్ళు బంతిని చూడడం మానేసి వాణ్ణే చూసేవారు. సెమీఫైనల్‌లో నేల మీది బంతి కోసం ఇరుజట్లూ తోసుకునే గుంపు, అదే రక్, దాని కింద ఎవరిదో మోకాలు వాడి కణతకు తగిలింది. వెంటనే లేచి చప్పట్లు కొట్టి అందరినీ ఉత్సాహపరిచాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. విరామంలో నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఎడమ బూటు లేసు కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. తరువాత మెల్లగా, ఇవాళ మనం ఎవరితో ఆడుతున్నామని నన్ను అడిగాడు. నేను వెళ్ళి కోచ్‌కు చెప్పాను. ప్రావిన్స్‌కు ఆడినవాడికి తన ఒళ్ళు సంగతి తనకు తెలియదా అని ఆయన కొట్టిపారేశాడు. ఆ కోచ్ ఒకప్పుడు వాడి వెనుక రిజర్వు బెంచీ మీద కూర్చున్నవాడు; వాణ్ణి బయటికి పిలిచే చనువు ఆయనకు లేదు, ఇరవయ్యేళ్ళు నిండని మిగతావాళ్ళకు అసలే లేదు. మరుసటి శనివారం ఫైనల్ ఆడాడు, మళ్ళీ తలకే తగిలింది, కప్పు గెలిచాం. వాడు ఇళ్ళ పైకప్పులు వేసే పనివాడు. ఆ తరువాత చాలాకాలం నిచ్చెన ఎక్కలేకపోయాడు, వెలుతురు భరించలేక పగలే కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, మీరంతా అక్కడే ఉన్నారు కదా అంది.

ఇప్పుడు రిఫరీ చేతిలో, తలకు దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినవాడికి చూపే నీలం కార్డు ఉంది. అది చూపిస్తే ఆ రోజు ఆట ముగిసినట్టే, డాక్టరు ఒప్పుకోనిదే తిరిగి దిగకూడదు. కానీ రిఫరీకి రక్ అడుగున జరిగేదంతా కనపడదు. క్లబ్బులో నీకు ఎదురుచెప్పేవాడు ఉండడు, నన్ను భయపెడుతున్నది అదే. కాబట్టి సీజన్ మొదలుకాకముందే జట్టంతా వింటుండగా ఫిజియోకు చెప్పు: తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే నన్ను అడగవద్దు, లాగి బయట కూర్చోబెట్టు అని. 1970లో మీడ్స్ దక్షిణాఫ్రికాలో చెయ్యి విరిగినా ఆట పూర్తిచేసిన కథ అక్కడ నీకు తప్పకుండా చెబుతారు. విని నవ్వు. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది నాయనా.

మరో మాట. క్లబ్బు ఆటలో 2023 నుంచి మొదట ట్యాకిల్ చేసేవాడు, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసేవాడు, రొమ్ము ఎముకకు కిందే పట్టాలి. ప్రావిన్స్‌లో నీకు అలవాటైన ఎత్తు అక్కడ పెనాల్టీ అవుతుంది. పైగా కుర్రాళ్ళు నిన్ను చూసే నేర్చుకుంటారు. మొదటి నెలంతా వాళ్ళతోపాటు నువ్వూ వంగి పట్టడం సాధన చెయ్యి, నామోషీ అనుకోకు. చిన్నప్పుడు మా పెరట్లో నా మోకాళ్ళు పట్టుకుని పడేసినవాడివే కదా, నీకు రాని విద్యేమీ కాదు.

కోచింగ్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు పంపు. గంటలెన్నో, జీతం ఎవరిస్తారో, గాయపడి ఆడలేకపోతే కోచింగ్ పని ఉంటుందో పోతుందో చదివి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న