సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఎవరు?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ అడ్మినిస్ట్రేటర్ కావాలని కోరిక. ఒక ఇంటర్వ్యూలో 'టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు ఏ యూజర్ పేరిట ఉంచుతారు?' అని అడిగారు. 'టామ్‌క్యాట్ అనే కొత్త యూజర్‌ను సృష్టించి, అన్నీ అతని పేరిటే పెడతాను' అన్నాను. వాళ్లకు నచ్చలేదు. తప్పెక్కడ?

జవాబు: సర్వీసును రూట్‌తో, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో, నడపకూడదని, దానికి ప్రత్యేక ఖాతా కావాలని మీకు తెలుసు. అది మంచి పునాది. అయితే ప్రోగ్రామ్‌ను నడిపే ఖాతాయే దాని ఫైళ్లకూ యజమాని కానక్కర్లేదు. కాకుండా ఉండడమే క్షేమం.

వెబ్ అప్లికేషన్‌లో ఏదో లోపం పట్టుకుని ఎవరో చొరబడ్డారనుకోండి. టామ్‌క్యాట్ ఖాతాకు ఏ హక్కులుంటే అవే వాళ్ల చేతికి వస్తాయి. ఫైళ్లన్నీ ఆ ఖాతావే అయితే ప్రోగ్రామ్‌నే మార్చేసి, రీస్టార్ట్ చేసినా పోకుండా తిష్ఠ వేస్తారు. ఫైళ్లు రూట్ పేరిట ఉండి, టామ్‌క్యాట్‌కు చదివే అనుమతి మాత్రమే ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. లాగ్‌లు, టెంప్, వర్క్ డైరెక్టరీల్లో మాత్రం రాసే హక్కు ఇవ్వక తప్పదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలుకు యజమాని రూట్, గ్రూపు టామ్‌క్యాట్, అనుమతులు 640. అంటే రూట్ మారుస్తుంది, టామ్‌క్యాట్ చదువుతుంది, మిగతావాళ్లు కన్నెత్తి చూడలేరు.

సిస్టమ్‌లో ముందే ఉండే, పెద్దగా హక్కులు లేని 'నోబడీ' ఖాతా వాడవచ్చు కదా అని కొందరంటారు. వద్దు. నాలుగు సర్వీసులు దాన్నే పంచుకుంటే ఒకదానిలో దూరినవాడు మిగతా మూడింటినీ కదిలించగలడు. 1024 కంటే తక్కువ పోర్టు (సర్వీసు నెట్‌వర్క్‌లో వాడే నంబరు) కావాలంటే రూట్ తప్పదు కదా అని కూడా ఇంటర్వ్యూలో తరచి అడగవచ్చు. ఆ ఒక్క హక్కును, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డి ద్వారా విడిగా ఇవ్వవచ్చని చెప్పండి.

ఈ విషయాలు చదివితే చాలదు, చేతికి రావాలి. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ లినక్స్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్) వంటి పరీక్షల్లోనూ నడుస్తున్న సిస్టమ్ మీద పని చేసి చూపించాల్సిందే. ఒక వర్చువల్ మెషీన్ తీసుకోండి. ముందుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ను రూట్‌తో నడపబోతే అదే ఎలా నిరాకరిస్తుందో చూడండి. తర్వాత ఎవరినీ లాగిన్ కానివ్వని నోలాగిన్ షెల్‌తో టామ్‌క్యాట్ ఖాతా సృష్టించి, పైన చెప్పినట్టు అనుమతులు అమర్చండి. ఇక వేరే ఖాతా పేరిట కమాండ్ నడిపే సుడోతో, ఆ ఖాతా పేరిట టామ్‌క్యాట్ లైబ్రరీ డైరెక్టరీలో ఒక ఖాళీ ఫైలు సృష్టించబోండి. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే మీ అమరిక సరిగ్గా ఉన్నట్టే.