ఖాళీ గడి

పాపా,

చెన్నై తరమణిలోని గణితశాస్త్ర పరిశోధన సంస్థ ఐఎంఎస్సీలో, కంప్యూటర్ లెక్కలతో జీవశాస్త్రం చేసే కంప్యుటేషనల్ బయాలజీ పీహెచ్‌డీకి సీటొచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటినుంచీ నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో టెన్షనూ అంతే.

లెక్కల పిల్లకు ఆ జీవశాస్త్రం ఎందుకని బావ అడుగుతున్నాడట. రెండు ప్రోటీన్ల వరుసల్ని పక్కపక్కన పేర్చి పోల్చే పద్ధతిని 1970లో నీడిల్‌మన్, వున్ష్ ఇచ్చారు. 1981లో స్మిత్‌తో కలిసి దాన్ని ఇంకో మెట్టు ఎక్కించిన వాటర్‌మన్ లెక్కలవాడే. బావకు ఆ మాట చెప్పు.

పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకో. ప్రోగ్రామ్‌లో చేసిన ప్రతి మార్పునూ, పాతదాన్నీ దాచిపెట్టే గిట్‌ని మొదటిరోజు నుంచే వాడు. ల్యాబ్‌లో ప్రయోగాలు చేసేవాళ్ల పక్కన రెండు వారాలైనా కూర్చో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నీకు తెలియనిది నేను చేసిన తప్పు. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1995లో మన నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలకు తెల్లమచ్చల జబ్బు తగిలింది. టైగర్ రొయ్యలు గట్టు వారకు చేరి కుప్పలుగా చచ్చేవి. అప్పుడు నేను పీహెచ్‌డీలో ఉన్నాను. కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో అంటువ్యాధులకు రాసిన సమీకరణాలతో ఆ జబ్బు ఎంత వేగంగా పాకుతోందో కడదామని, కండలేరు క్రీకు పక్క ఒక రైతు దగ్గర లెక్కల పుస్తకం తెచ్చుకున్నాను. చచ్చిన రొయ్యల్ని ఏరిన రోజు అంకె వేసేవాడు, ఏరని రోజు గడి వదిలేసేవాడు. నేనూ ఫైల్లో ఖాళీగానే వదిలేశాను. నేను ప్రోగ్రామ్ రాసిన ఫోర్ట్రాన్ భాష ఆ ఖాళీని సున్నాగా చదివింది. దాని పద్ధతే అది, మాన్యువల్‌లో ఉంది, నేను చదవలేదు. జబ్బు మధ్యలో ఆగి మళ్లీ లేస్తోందని గ్రాఫు చూపిస్తే, ఎందుకు ఆగుతోందో చెప్పడానికి ఒక సిద్ధాంతమే అల్లాను. సెమినార్‌లో అందరూ మెచ్చుకున్నారు.

మురిపెంగా ఆ గ్రాఫు తీసుకెళ్లి రైతుకు చూపించాను. సున్నా ఉన్నచోట గోరుతో గీసి, "ఈ మూడు రోజులూ చావలేదని ఎవురు చెప్పారు సారూ? మా అమ్మాయి కాన్పుకు నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నా" అన్నాడు.

వెంటనే వచ్చి గైడుకు చెప్పి ఉంటే సరిపోయేది. ఆరు నెలలు దాచాను. ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని ప్రోగ్రామ్ మార్చి, పాతదాని మీదే సేవ్ చేస్తూ పోయాను. చివరికి సెమినార్‌లో చూపించిన గ్రాఫు ఎలా వచ్చిందో నేనే చెప్పలేకపోయాను. ఆ రోజు గైడు ఒక్క మాట అనలేదు. ఫ్లాపీని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. పరిశోధన అక్కడితో వదిలేశాను.

ఇప్పుడు అలాంటివి జరగవనుకోకు. సెప్ట్2 అనే జన్యువు పేరు ఎక్సెల్‌లో టైప్ చేస్తే సెప్టెంబర్ 2 తేదీ అయిపోయేది. 2020లో చివరికి అలాంటి జన్యువుల పేర్లే మార్చారు, సెప్టిన్2 అని. అందుకే గడి ఎందుకు ఖాళీగా ఉందో కొలిచినవాళ్లనే అడుగు. డేటాలో ఒక్క అంకె మార్చినా ఎందుకు మార్చావో ఆ రోజే రాసుకో. తప్పు కనబడితే, ఎంత రాత్రయినా సరే, గైడుకు చెప్పు. భయమేస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇంకోటి. "మా డేటాకు చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టమ్మా" అంటారు. రాసిపెట్టు, కానీ పేపర్‌లో నీ పేరు ఉంటుందా అని మొదలుపెట్టకముందే అడుగు. చిన్నప్పుడు మా ఇంటికొస్తే ఆకలేసినా అడిగేదానివి కాదు. మీ అత్తే నీ ముఖం చూసి కనిపెట్టి అన్నం పెట్టేది. అక్కడ అలా కనిపెట్టేవాళ్లు ఉండరమ్మా.

రొయ్యల సాగు మానేశాక ఆ రైతు పుస్తకం నాకే ఇచ్చేశాడు. అది నీకిస్తాను. పినాకినికి టికెట్ తీసుకో, కావలి ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అత్త కారం దోసెలు కట్టిస్తానంటోంది. బండి ఎక్కువసేపు ఆగదు, ఏ బోగీలో ఉన్నావో ముందే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య