వేటకు వెళ్లేది ఆయన, అబద్ధం మోసేది మీరా?

ప్రశ్న: మేం విస్కాన్సిన్‌లో ఉంటాం. మా వారు హెచ్-1బీ, నేను హెచ్-4. బాబుకు నాలుగేళ్లు, నాకిప్పుడు ఐదో నెల. మూడేళ్ల క్రితం ఆఫీసు వాళ్లతో సరదాగా జింకల వేటకు వెళ్లారు. అప్పటినుంచి నవంబరు వస్తే తొమ్మిది రోజులు ఇంట్లో ఉండరు. అత్తయ్య జనవరి దాకా మా దగ్గరే ఉంటారు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే మనిషి. ఆవిడకు ఆఫీసు ట్రైనింగని చెప్పారు. మాంసం ఫ్రీజర్లో బఠాణీ ప్యాకెట్ల కింద దాచమంటారు, తుపాకీ పెట్టె నా క్లోజెట్‌లో చీరల వెనక పెట్టించారు. ఆదివారం మేక మాంసం తింటాం కానీ, జింకంటే నాకు మనసొప్పదు. ఈ పాపం కడుపులో బిడ్డకు తగులుతుందా? ఈయన చేత వేట ఎలా మాన్పించాలి?

జవాబు: పాపం సంగతి ముందే తేల్చేద్దామమ్మా. మేక దగ్గర లేని పాపం జింక దగ్గర మొదలవుతుందంటే నేను ఒప్పుకోను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను కొడితే జైలే కాబట్టి, వేటనగానే మనకు గుండె జల్లుమంటుంది. మీరున్న చోట అది లైసెన్సు తీసుకుని, నారింజ రంగు కోటు వేసుకుని, కొట్టిన జింకను మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా ప్రభుత్వానికి నమోదు చేయించి చేసే పని. మీకు మనసొప్పకపోతే తినకండి, కడగకండి, వండకండి. మాన్పించే సంగతి వదిలేయండి. మీరు ఏడ్చి మాన్పిస్తే వచ్చే ఏడాది ఆ ట్రైనింగ్ అబద్ధం మీకే చెబుతారు.

మీ ఉత్తరంలో జింక కన్నా ఆ బఠాణీ ప్యాకెట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. మంచులో తెల్లవారుజామున చెట్టెక్కి కూర్చోగల మనిషికి, కన్నతల్లి ఎదుట కూర్చుని 'అమ్మా, నేను వేటకు వెళ్తున్నా' అనే ధైర్యం లేదు. ఆ భయాన్ని తెచ్చి మీ నెత్తిన పెట్టారు. చిక్కంతా ఆయనకూ వాళ్లమ్మకూ మధ్య ఉంది. రేపు ఫ్రీజర్ తెరిచేది అత్తగారే. అప్పుడు కొడుకును ఒక్క మాట అనరు. 'నీకు తెలిసీ నాకు చెప్పలేదేమ్మా' అని మిమ్మల్నే అంటారు. భర్త కోసం భార్య చాలా భరిస్తుంది, భరించాలి కూడా. అత్తగారికి భర్త తరఫున అబద్ధం చెప్పడం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

'జనవరిలో అమ్మ వెళ్లిపోతుందిగా' అంటారాయన. విల్లుతో వేట సెప్టెంబరు మధ్య నుంచి జనవరి దాకా ఉంటుంది. తుపాకీ సీజను థాంక్స్‌గివింగ్‌కు, అంటే నవంబరు నాలుగో గురువారం వచ్చే అక్కడి పండుగకు, ముందు శనివారం మొదలవుతుంది, చాలా ఏళ్లు కార్తీకంలోనే పడుతుంది. ఆవిడ మళ్లీ వస్తారు, అది మళ్లీ వస్తుంది. కాబట్టి చెప్పాల్సింది ఇప్పుడే, సీజనుకు కనీసం రెండు వారాల ముందు, ఆయన నోటితోనే. మీరు ఆ గదిలో ఉండకండి. బాబును తీసుకుని పార్కుకు వెళ్లండి. ఆవిడ కోప్పడతారు, రెండు పూటలు అన్నం మానేస్తారు, కూతురికి ఫోన్ చేస్తారు. చేయనివ్వండి. ఆ ఇంట్లో కార్తీకం వెళ్లేదాకా ఆ మాంసం కరగదని, వండరని ఆయన మాటివ్వాలి. అది తల్లికి ఇవ్వాల్సిన మర్యాద.

ఇక మీరు అడగకుండా వదిలేసిన పెద్ద విషయం, ఆ క్లోజెట్‌లోని పెట్టె. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గడువులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, మీ వారు నిలబడింది దాని మీదే. విస్కాన్సిన్ లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. సీజను అయిపోయిందని ఏప్రిల్‌లో కొత్తది తీసుకోకపోతే, ఆ తుపాకీ ఊరికే ఇంట్లో ఉన్నా తప్పే. మీకు లైసెన్సు లేదు. మీ చీరల వెనక, మీ చేతికందే చోట ఉంటే రేపు 'ఎవరి దగ్గరుంది' అన్న ప్రశ్నకు మీ పేరూ వస్తుంది, గ్రీన్ కార్డు దాకా తగులుకుంటుంది. తాళంచెవి కూడా మీరు పుచ్చుకోవద్దు. నేలకు బిగించిన సేఫ్ కొని బేస్‌మెంట్‌లో పెట్టమనండి, దాని నంబరు ఆయనకొక్కడికే తెలియాలి. తుపాకీలో తూటా ఉండకూడదు, తూటాలు వేరే తాళంలో ఉండాలి. నాలుగేళ్ల వాడికి దాచిన పెట్టె కనబడదని ఎవరు చెప్పారు మీకు? తూటాలు నిండిన తుపాకీ పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే, అజాగ్రత్తగా వదిలేసినవాళ్ల మీద ఆ రాష్ట్రంలో కేసవుతుంది. ఇంట్లో ఇన్ని వీసాల లెక్కలు ఉన్నప్పుడు ఒకసారి ఇమిగ్రేషన్ లాయరును అడగడం ఖర్చు కాదు.

బిడ్డకు తగిలేది పాపం కాదు గానీ, సీసం తగలొచ్చు. సీసపు తూటా జింక ఒంట్లోకి వెళ్లి చిట్లితే కంటికి కనబడని ముక్కలు గాయం నుంచి అడుగుకు పైగా దూరం కూడా పాకగలవు. కడిగితే పోవు, నీళ్లతో ఇంకోచోటికి చేరతాయి. కీమాలో ఇంకా ఎక్కువ. గర్భిణులు, ఆరేళ్ల లోపు పిల్లలు సీసంతో కొట్టిన మాంసం తినకూడదు. ఈ ఏడాది నుంచి రాగి తూటాలు వాడమనండి, పాత ప్యాకెట్లు మీకూ బాబుకూ వద్దు.

ఇంకొకటి, సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అని, జింకలను చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బు. 2002 నుంచీ విస్కాన్సిన్ జింకల్లో ఉంది. దానికి కారణమైన ప్రోటీన్ ఎంత ఉడికించినా చావదు, కుక్కర్లో పది విజిళ్లు పెట్టినా అంతే. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు, అయినా జబ్బున్న జింకను తినొద్దనే ఆరోగ్య శాఖల మాట. తల, దాంతో నాలుగైదు అంగుళాల మెడ ఉంచి పరీక్షకు ఇస్తే అక్కడ డబ్బు తీసుకోరు. ఫలితం వచ్చేదాకా ఆ ప్యాకెట్ల మీద తేదీ రాసి పక్కన పెట్టాలి. కోయించే చోట మన జింకను మనకే విడిగా ప్యాక్ చేయమని ముందే చెప్పాలి, లేకపోతే నలుగురి మాంసం కలిపి కీమా కొట్టిస్తారు. గరాజ్‌లో వేరే ఫ్రీజర్ కొనమనండి. దాని బాగోగులు ఆయనవే. అడవి నుంచి వచ్చిన బట్టలు మీరు ముట్టుకోకండి. వాటికి పట్టుకొచ్చే పిడుదులు, అదే టిక్కులు, లైమ్ అనే జబ్బు తెస్తాయి. ఉతకడానికి ముందే డ్రయర్‌లో పెద్ద వేడి మీద పది నిమిషాలు ఆయనే తిప్పాలి.

తొమ్మిది రోజులూ ఎందుకు? సీజను మొత్తంలో పడే జింకల్లో దాదాపు సగం మొదటి శని, ఆదివారాల్లోనే పడతాయి. ఐదో నెల భార్యనూ తల్లినీ వదిలి వెళ్లే మనిషికి ఆ రెండు రోజులు చాలు, థాంక్స్‌గివింగ్ గురువారానికి ఇంట్లో ఉండాలి. వెళ్లేముందు ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాలి: పొలం యజమాని పేరు, రోడ్డు పక్క బోర్డు మీదుండే ఫైర్ నంబరు (అక్కడి పల్లెల్లో ఇంటి చిరునామా నంబరు), చెట్టు మీద మంచె ఎక్కడుందో ఫోన్ మ్యాపులో గుర్తు. ఎక్కే ముందు పడిపోకుండా పట్టే బెల్టు (హార్నెస్) ఒంటికి కట్టుకోవాలి, ఖాళీ తుపాకీని తాడుతో తర్వాత పైకి లాక్కోవాలి. వేటలో దెబ్బలు ఎక్కువగా తగిలేది మంచె మీద నుంచి పడే. సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాలకు కాల్చడం ఆపేయాలి. దెబ్బ తగిలిన జింకను వెతకడానికి ఇంకో రెండు గంటలు పట్టొచ్చు, కాబట్టి ఆ గడువు దాటేదాకా కంగారు పడకండి. దాటితే ఆయన స్నేహితుడికి, ఎత్తకపోతే 911కి చేయండి.

ఈ లోపు ఆయన చెప్పకముందే అత్తగారు 'వాడి ట్రైనింగ్ ఎక్కడమ్మా' అని అడిగితే, 'మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా, ఆయనే చెబుతారు' అనండి. ఆ మాట అన్నారని రాత్రికి ఆయనకు తెలియజేయండి.