హనుక్కా పిలుపు వస్తే: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం పట్టుకెళ్లాలి

యూదుల దీపాల పండగ హనుక్కా ఒక ఏడాది డిసెంబరు మొదట్లో, మరో ఏడాది క్రిస్మస్ పక్కన ఎందుకొస్తుందని అమెరికా వచ్చిన మొదటి చలికాలంలోనే చాలామంది అడుగుతారు. పంచాంగం తెలిసినవాళ్లకు ఇదేం చిక్కు కాదు. యూదుల లెక్కలో అది ఎప్పుడూ కిస్లేవ్ నెల 25నే మొదలవుతుంది. వాళ్లవీ చాంద్రమాన మాసాలే. ఋతువులతో పొంతన తప్పకుండా 19 ఏళ్లలో 7 సార్లు అధికమాసం వేస్తారు. మనకైతే అది వేరువేరు నెలలకు పడుతుంది, వాళ్లకు మాత్రం ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది. మన నెలలాగే అమావాస్య దాటాక కొత్త నెల కాబట్టి, 25 అంటే బహుళ పక్షం చివర. ఎనిమిది రోజుల పండగ మధ్యలో అమావాస్య పడుతుంది. 2025లో డిసెంబరు 14న, 2026లో డిసెంబరు 4న మొదలు. మధ్యలో అధికమాసం రావడంతో 2027లో ఏకంగా డిసెంబరు 24కి జరుగుతుంది.

కొత్తవాళ్లు పొరపడేది సాయంత్రం దగ్గర. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గోడ క్యాలెండర్లో డిసెంబరు 5 అని ఉంటే మొదటి దీపం 4 సాయంత్రమే. పైగా 2026లో, 2027లో మొదటి రాత్రి శుక్రవారమే, ఎనిమిదోదీ శుక్రవారమే. మామూలు రోజుల్లో చీకటి పడే వేళ వెలిగిస్తారు. శుక్రవారం సూర్యాస్తమయంతో సబ్బాతు, అంటే నిప్పు ముట్టని వారపు విశ్రాంతి దినం మొదలవుతుంది. అందుకే ఆ రోజు సూర్యాస్తమయానికి సుమారు 18 నిమిషాల ముందే హనుక్కా దీపాలు, ఆ వెంటనే సబ్బాతు దీపాలు వెలిగించేస్తారు. న్యూజెర్సీలో డిసెంబరు మొదట్లో పొద్దు నాలుగున్నరకే వాలిపోతుంది. ఆరింటికి వెళ్తే దీపాల ముచ్చట చూడలేరు. నిష్ఠగా పాటించే ఇంట్లో అప్పటి నుంచి ఫొటోలు తీయరు, స్విచ్ కూడా నొక్కరు. మీ ఫోను జేబులోనే ఉంచండి.

దీపస్తంభానికి తొమ్మిది కొమ్మలుంటాయి. తొమ్మిదోది షమాష్, మిగతావాటిని వెలిగించే దీపం. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, ఇలా ఎనిమిది దాకా. కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకు పేరుస్తారు, వెలిగించేది మాత్రం ఎడమ నుంచి, అంటే ఆ రోజు కొత్తగా చేరినదాన్ని ముందు. షమాష్‌తో కలిపి మొత్తం 44 కావాలి. అందుకే అంగట్లో పెట్టె 44తో వస్తుంది. చీకటి పడ్డాక కనీసం అరగంట వెలగాలి. చిన్న కొవ్వొత్తులు అరగంటకే కరిగిపోతాయి కాబట్టి శుక్రవారానికి పొడవాటివి పెడతారు. పుట్టినరోజు కేకులా ఊదకండి, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి? ఇంట్లో చేసిన సున్నుండలు కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించేవాళ్లు తినరు. రుచి వల్ల కాదు, మీ గిన్నెలు, పొయ్యి వాళ్ల నియమానికి కుదరవు. మూత తీయని ప్యాకెట్ మీద వృత్తంలో 'యూ' లాంటి కోషర్ గుర్తు చూసి కొనండి. పక్కన 'డి' ఉంటే పాల పదార్థం, మాంసం భోజనంలో దాన్ని వడ్డించరు. ఏదీ తేలకపోతే పైన చెప్పిన కొవ్వొత్తుల పెట్టె నిక్షేపంలాంటి కానుక.

ఆలయంలో ఒక రోజుకు సరిపడా నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ వల్ల వంటలన్నీ నూనెలోనే. లాట్కేలు (నూనెలో వేయించే బంగాళాదుంప అట్లు) మీరే చేయాలనుకుంటే కిలో బంగాళాదుంపలకు ఒక ఉల్లిపాయ, రెండు గుడ్లు, మూడు నాలుగు చెంచాల మైదా, ఉప్పు. తురిమి, గుడ్డలో గట్టిగా పిండాలి. ఆ నీళ్లను పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట వంపేసి, అడుగున మిగిలిన తెల్లటి పిండిని మళ్లీ తురుములో కలపండి. అదే పట్టు. నీళ్లు మిగిలితే మెత్తబడి నూనె పీలుస్తాయి, ముందుగా తురిమి ఉంచితే నల్లబడతాయి. ఒకేసారి మూకుడు నిండా వేస్తే నూనె చల్లారి కరకరలాడవు.

శాకాహారులు మొహమాటపడకుండా అడగండి. లాట్కేల్లో గుడ్డు దాదాపు ఖాయం, కొందరు కోడి కొవ్వులో వేయిస్తారు. జామ్ పెట్టిన డోనట్లు, అంటే సుఫ్గానియోత్‌లోనూ సాధారణంగా గుడ్డు ఉంటుంది.

ఆఫీసులో సహోద్యోగి సెలవు పెడతారని అనుకోవద్దు. ఇది పని మానాల్సిన పండగ కాదు, రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ఉపవాస దినం) లాంటివి ఆ కోవకు చెందినవి. సాయంత్రం నాలుగు మీటింగు మాత్రం ఆ ఎనిమిది రోజులు కాస్త తొందరగా పెట్టుకోండి.