టీబీ మందులు మొదలయ్యాక పచ్చకళ్లు: తప్పు ఏ మాత్రది?

మీ తమ్ముడు రెండేళ్లుగా హెచ్‌ఐవీకి టీఎల్‌డీ మాత్ర వేసుకుంటున్నాడని, టీబీ మందులు మొదలైన మూడో వారంలో వాంతులు, పచ్చకళ్లు వచ్చాయని, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ 260 ఉందని రాశారు. మీ అనుమానం హెచ్‌ఐవీ మాత్ర మీద. నా అనుమానం ముందు టీబీ మందుల మీదే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. వాంతులు, కామెర్లతో పాటు ఏఎల్‌టీ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే డాక్టర్లు ఆ మందులను ఆపి, తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెడతారు. 260 అంటే ఆరు రెట్లు. ఈరోజే తీసుకెళ్లండి.

టీఎల్‌డీని మాత్రం మీ అంతట మీరు మాన్పించకండి. అందులోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బి వైరస్‌నూ అణచి ఉంచుతాయి. అది ఉన్నవారు హఠాత్తుగా మానేస్తే వైరస్ విజృంభిస్తుంది. పాత చీటీల్లో హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష), హెపటైటిస్ సి ఫలితాలు ఉన్నాయేమో వెతకండి, లేకుంటే చేయమని అడగండి. రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష కూడా. మద్యం అలవాటుంటే దాచవద్దు. కామెర్లకని ఎవరైనా పసరు పోశారా? చాలామంది డాక్టరు దగ్గర మింగేసే మాట అదే. మగతగా ఉన్నా, మాట తడబడినా నేరుగా అత్యవసర విభాగానికే.