గార్డు విప్పిన మిషన్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి దగ్గర వాడుకునే కరెంటు పనిముట్ల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి వచ్చాయి. అన్నీ వరుసగా చదివిన తరువాత ఒక సంగతి గమనించాను. దెబ్బ తగిలిందని రాసిన ఏ ఒక్కరి మిషనూ పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్నట్టుగా లేదు. పని సులువవుతుందని ఒకరు చక్రాన్ని కప్పి ఉంచే గార్డు విప్పారు, ఒకరు పక్క పిడి తీసేశారు, మరొకరు ప్లగ్గులో మూడో పిన్ను విరిచేశారు. ఈసారి జవాబులన్నీ దాదాపు ఆ విప్పేసిన వస్తువుల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: 2018లో తిత్లీ తుపానుకు మా పెరటి పనస చెట్టు కూలిపోయింది. ఆ దుంగలను పశువులశాలలో ఆరబెట్టి, ఇప్పుడు వాటితో పీటలు చేసుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది 4 అంగుళాల గ్రైండర్. దానికే చెక్క కోసే పళ్ల బ్లేడు వేశాను, అడ్డు వస్తోందని గార్డు తీసేశాను. పోయిన వారం మిషన్ ఒక్కసారిగా వెనక్కి ఎగిరి తొడ పక్క నుంచి పోయింది. లుంగీ చిరిగింది గాని దెబ్బ తగల్లేదు. ఇంతకంటే మంచి బ్లేడు కొనమంటారా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: వద్దు. మీ బ్లేడులో తప్పేమీ లేదు, దానిని ఆ మిషనుకు బిగించడంలోనే తప్పు ఉంది. ఖరీదైన బ్లేడు కొంటే పళ్లు ఇంకా పదునుగా ఉండి, మిషన్ ఇంకా గట్టిగా తంతుంది, అంతే తేడా.

గ్రైండర్ అరగదీయడం కోసం పుట్టిన మిషన్. 4 అంగుళాలది ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు చక్రం అంచు వేగం లెక్క కడితే సెకనుకు 58 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. ఇనుము కోసే చక్రానికి పళ్లుండవు కనుక అది తాను అరుగుతూ, ఎదుటి దానిని అరగదీస్తూ పోతుంది. పళ్ల బ్లేడు అలా కాదు, ప్రతి పన్నూ చెక్కను కొరికి పట్టుకుంటుంది. చెక్క కోసం చేసిన 7 అంగుళాల చేతి రంపం మిషన్ దాదాపు 5,000 చుట్లే తిరుగుతుంది. దాని కింద చెక్క మీద ఆనే రేకు ఉంటుంది, కోత ఎంత లోతుకు దిగాలో ఆ రేకు నిలబెడుతుంది, కోత పూర్తికాగానే కింది గార్డు స్ప్రింగుతో తనంతట తానే మూసుకుంటుంది. గ్రైండరుకు ఆ రేకు లేదు, లోతును ఆపేదీ లేదు, ఉన్న ఒక్క గార్డునూ మీరు విప్పేశారు. ఇక మిషన్‌ను పట్టి ఉంచేవి మీ రెండు మణికట్లు మాత్రమే.

పనస దుంగ ఎన్నేళ్లు ఆరినా లోపల బిగువు మిగిలే ఉంటుంది. కోత సగానికి వచ్చేసరికి రెండు ముక్కలూ విడిపోవడానికి బదులు దగ్గరికి జరిగి బ్లేడును నొక్కిపట్టవచ్చు. అలా పట్టుకున్న క్షణంలో, తిరగవలసిన బ్లేడు ఆగిపోతుంది, కదలకూడని మిషన్ తిరుగుతుంది. దానినే పనివాళ్లు ‘తన్నింది’ అంటారు. అది రెప్పపాటులో ముగిసిపోతుంది కనుక, గట్టిగా పట్టుకుంటే చాలునన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

దుంగను పలకలుగా చీల్చే పని సామిల్లుకు వదిలేయండి. కోతకు ఇచ్చే ముందు దుంగ పొడవునా ఒక అయస్కాంతం తిప్పి చూడండి. పెరటి చెట్టు అన్నాక బట్టల తాడుకు ఎప్పుడో కొట్టిన మేకు ఒకటి తప్పక ఉంటుంది, ఈపాటికి చెట్టు దానిని మింగేసి ఉంటుంది. మరీ లోతుకు పోయిన మేకును అయస్కాంతం పట్టలేదు కాబట్టి, చెక్కలో ఎక్కడైనా నల్లటి మరక కనిపిస్తే అక్కడ ఆగి తవ్వి చూడండి. పలకలు ఇంటికి వచ్చాక రంపం మిషన్ వాడండి. బ్లేడు చెక్క మందం కంటే ఒక పన్ను మేర, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే కిందికి దిగేలా బిగించండి. పలకను కాలితో తొక్కిపట్టకుండా బల్లకు క్లాంపుతో బిగించండి. తెగిపోయే ముక్కకు కిందికి పడిపోయే దారి ఉంచండి. మీరు బ్లేడుకు నేరుగా వెనుక కాకుండా ఒక పక్కకు నిలబడండి. స్విచ్ వదిలాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా మిషన్‌ను కింద పెట్టవద్దు.

మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు వేసుకోవచ్చా అని బరంపురం నుంచి మరొకరు అడిగారు. దానికి కింద రేకు ఉన్నందువల్ల గ్రైండర్ కంటే కొంత నయం. కాని మూసుకునే గార్డు లేదు, వేగం గ్రైండర్ కంటే ఎక్కువే. మన ఊళ్లలో వడ్రంగులు చాలామంది అలాగే వాడుతున్నారని నాకు తెలుసు, అయినా నేను సమ్మతించను. ఆ కట్టరునే తిరగేసి బల్ల కింద బిగించి, స్విచ్‌ను తాడుతో కట్టేసి ‘టేబుల్ రంపం’ అనుకోవడం మరీ దారుణం. ప్రమాదం వచ్చినప్పుడు ఆపడానికి ఆ తాడు ముడి విప్పుకుంటూ కూర్చోవాలి.

లుంగీ సంగతి మీరు మాటవరసకు రాశారు గాని, నాకు అదే పెద్ద విషయంగా కనిపించింది. తిరిగే మిషన్ దగ్గర లుంగీ, మెడలో తువ్వాలు, వేలాడే జంధ్యం, చేతికి కట్టిన తోరం ఏవీ ఉండకూడదు. బిగుతైన ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా చాలు.

ప్రశ్న: వానాకాలంలో మా బెంచి గ్రైండర్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. పాత ఇల్లు కావడంతో సాకెట్టులో మూడో రంధ్రానికి వైరు లేదు, అందుకని ఎలక్ట్రీషియన్ రెండు పిన్నుల ప్లగ్గు వేసిపెట్టాడు. మెయిన్‌లో ఎం.సి.బి. ఉంది కదా, భయం లేదన్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నిజం కాదు. దయచేసి ఈ రోజే ఆ గ్రైండర్ ప్లగ్గు పీకి పక్కన పెట్టండి.

ఎం.సి.బి. అంటే కరెంటు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్. అది ఉన్నది వైర్లు కాలిపోకుండా కాపాడడానికి, మనిషిని కాపాడడానికి కాదు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించిన కరెంటు పారితేనే పడుతుంది. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు అందులో ఎన్నో వంతు మాత్రమే. మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే అది సరఫరాను తెంచేస్తుంది. 6 ఆంపియర్లలో ఇది 200వ వంతు. దాని మీద ‘టి’ అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. పడకపోతే దానిని మార్చవలసిందే.

మీ బెంచి గ్రైండర్ ఒళ్లు పోత ఇనుము. లోపల తీగ ఒలిచిపోయి ఆ ఇనుప ఒంటికి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి వేసిన దారే మూడో పిన్ను. అది మిగిలిన రెంటికంటే పొడవుగా, లావుగా ఉండడానికి కారణం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అది తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి. ఆ దారి మూసేశాక కరెంటుకు దొరికే దారి మీ శరీరమే. డ్రిల్లింగ్ మిషన్, చిన్న గ్రైండర్ వంటివి రెండు పిన్నులతోనే వస్తాయి కదా అని మీకు సందేహం రావచ్చు. వాటి పేరు పలక మీద చదరంలో చదరం గీసిన గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల రక్షణ ఉందని, ఎర్తు అక్కరలేదని దాని అర్థం. ఆ గుర్తు లేని దేనికీ మూడో పిన్ను తీయకూడదు. గుర్తు ఉన్న మిషన్ కూడా జిల్లుమంటే లోపల ఏదో చెడిందనే అర్థం.

పాత ఇంటికైనా ఎర్తు గొయ్యి తీయించి, గొట్టం దింపి, బొగ్గు, ఉప్పు వేయించి, పనిగది సాకెట్టు వరకు విడిగా ఎర్తు తీగ లాగించుకోవచ్చు. మొత్తం ఇంటి వైరింగ్ మార్చనక్కరలేదు. ఎండాకాలంలో ఆ గొయ్యిలో నీళ్లు పోయడం మరిచిపోవద్దు. జంక్షన్ బాక్సు వాడితే దాని తీగను చుట్టగా వదిలేయక పూర్తిగా విప్పి పరచండి, చుట్టలో వేడి పోయే దారి ఉండదు.

కరెంటు కోతల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను గ్రైండర్ బొత్తాం లాక్ చేసి పని చేస్తుండగా కరెంటు పోయింది. స్విచ్ తీయకుండానే మిషన్‌ను బల్ల మీద పెట్టి టీకి లోపలికి వెళ్లాను. పావుగంటకు కరెంటు వచ్చింది. మిషన్ బల్ల మీద ఎండ్రకాయలా పక్కకు పాకి, తన తీగను తానే చుట్టుకుని, సిమెంటు నేల మీద పడింది. చక్రం మూడు ముక్కలైంది, ఒక ముక్క షెడ్డు తలుపులో దిగింది. ఆ తలుపు అవతల మా మనవరాలు చెప్పులు వేసుకుంటోంది. ఆ గీత ఇప్పటికీ తలుపు మీద ఉంది. కరెంటు పోయిన క్షణంలో ముందు స్విచ్ తీయండి, తరువాత ప్లగ్గు పీకండి, టీ సంగతి ఆ తరువాత. బల్లకు బిగించిన మిషన్లకైతే, కరెంటు పోగానే తానే పడిపోయి, మళ్లీ పచ్చ బొత్తాం నొక్కితే గాని మొదలవని స్విచ్ దొరుకుతుంది. అది పెట్టించుకోండి.

ప్రశ్న: డ్రిల్లు చేసేటప్పుడు చేతికి నూలు గ్లవ్‌సు వేసుకుంటే మంచిదేనా?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: కాదు. బిట్టుకు ఒక్క దారం చిక్కినా గ్లవ్‌సుతో పాటు వేలు కూడా చుట్టుకుపోతుంది. మీరు చెయ్యి వెనక్కి లాక్కునే లోపే అంతా అయిపోతుంది. ఒట్టి చేతితో చేయండి, చిన్న ముక్కను చేత్తో పట్టుకోక వైసులో బిగించండి, బిట్టును పట్టి ఉంచే చక్ తాళం చెవిని చక్‌లోనే మరిచిపోకండి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు సరిపోవు, పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బనేట్ అద్దాలు కావాలి.

ప్రశ్న: మాది కొమ్ము పని. దువ్వెనలు, కొంగ బొమ్మలు ఇంట్లోనే చేసి బఫింగ్ మోటారు మీద మెరుగు పెడతాము. సన్నని ముక్కలు చేతిలోంచి లాక్కుపోయి ఎగురుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ ఊరి కొమ్ము పని చూస్తూ పెరిగినవాడిని, అందుచేత కొంచెం చనువుతో చెబుతున్నాను. మీరు ముక్కను చక్రం నడుముకు ఎదురుగా గాని అంతకంటే పైన గాని ఆనిస్తున్నారని అనుకుంటున్నాను. గుడ్డ పొరల బఫ్ చక్రం పైనుంచి మీ వైపుకు తిరిగి కిందికి దిగుతుంది. కాబట్టి నడుము కంటే కింద, మీ వైపు ఉన్న కింది పావు భాగంలోనే ముక్కను ఆనించాలి. అక్కడ జారినా అది నేల వైపుకు పోతుంది, ముఖం మీదికి రాదు. అంతకంటే ముఖ్యం అంచు. దువ్వెన పళ్ల కొసలు గాని, కొంగ ముక్కు గాని తిరిగే గుడ్డకు ఎదురు నిలవకూడదు, గుడ్డ వాటి మీదుగా జారిపోతున్నట్టు కిందికి చూస్తూ ఉండాలి. ఒకేసారి మొత్తం మెరుగు పెట్టాలని చూడక, సగం వరకు పెట్టి ముక్కను తిప్పి పట్టుకోండి. మరీ సన్నని ముక్కను ఒక చెక్క పలకకు ఆనించి పట్టుకుంటే గుడ్డ దానిని వంచలేదు. గట్టిగా అదిమితే కొమ్ము వేడెక్కి మెత్తబడుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు, మెత్తబడిన ముక్కే ముందుగా చిక్కుకుంటుంది.

ముక్క వేడికి చెయ్యి కాలుతోందని వేళ్లకు గుడ్డ చుట్టుకోవద్దు. ముక్కను పక్కన పెట్టి చల్లారనివ్వండి. కొంగు దోపుకోవడం చాలదు, పైన బిగుతైన ఏప్రాన్ కట్టుకోండి, జడను ముడి వేయండి, గాజులు తీసి పెట్టండి. కొమ్ము పొడి ముక్కులోకి పోకుండా కొంగు అడ్డం పెట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు కావాలి.

ప్రశ్న: మా వారు రాత్రిపూట వరండాలో చెక్క పని, ఇనుప పని రెండూ చేస్తారు. ఆరేళ్ల బాబు అక్కడే తిరుగుతుంటాడు. తలుపు వేస్తే చాలా?
– ఒక గృహిణి, రాయగడ

జవాబు: చాలదమ్మా. పని అయ్యాక ప్రతి మిషన్ ప్లగ్గు పీకి ఉండాలి, ఆ సాకెట్టుకు బాబుకు అందని ఎత్తులో విడిగా స్విచ్ ఉండాలి. మా షెడ్డు తలుపు మీద ‘మిషన్ తిరుగుతున్నప్పుడు లోపలికి రావద్దు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన అట్ట వేలాడుతుంది, ఎందుకంటే మా మనవలకు బడిలో వచ్చిన లిపి ఒడియానే. గ్రైండర్ మోత సుమారు 100 డెసిబెల్స్ ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చని, అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని ఒక లెక్క ఉంది. ఆ ప్రకారం 100 దగ్గర మిగిలేది పావుగంట. మీ వారికి చెవి మూతలు కొనివ్వండి.

చెక్క పని, ఇనుప పని ఒకే చోట చేయడం మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టిన మాట. రంపపు పొట్టులో పడిన నిప్పురవ్వ మంట లేకుండా గంటల తరబడి రాజుకుని, అందరూ పడుకున్నాక అంటుకుంటుంది. ఇనుము ముట్టే ముందు పొట్టు మొత్తం ఊడ్చివేయమనండి.

ఒకవేళ చెయ్యి తెగితే కాఫీ పొడి, పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి, 108కి ఫోన్ చేయండి. వేలు తెగిపడితే దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న కోత చక్రాలు మిగిలి ఉన్నాయి. వాడవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: చక్రం మధ్యలో ఉన్న ఇనుప వలయం మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది గడువు తేదీ, సాధారణంగా తయారైన నాటి నుంచి మూడేళ్లు. చక్రంలోని రాతి పొడిని పట్టి ఉంచేది ఒక రకమైన జిగురు, చెమ్మకు దాని పట్టు సడలుతుంది. వానాకాలమంతా షెడ్డు నేల మీద పడి ఉన్నవైతే గడువు ఉన్నా వాడవద్దు. పొడిగా డబ్బాలో పెట్టినవైతే అంచు చిట్లిందేమో చూసి, చక్రం మీద రాసిన చుట్ల సంఖ్య మీ మిషన్ చుట్ల కంటే ఎక్కువ ఉందో లేదో సరిచూసి బిగించండి. తరువాత గార్డు మీ వైపు ఉండేలా పట్టుకుని, ఎవరూ ఎదురుగా లేకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పి, ఆ తరువాతే ఇనుముకు ఆనించండి.