మేనత్తకు లింఫోమా వచ్చింది, అమ్మాయి దాని మీద రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం, లైఫ్ సైన్సెస్. మూడేళ్ల కిందట మా చెల్లెలికి ఫాలిక్యులర్ లింఫోమా అని, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక క్యాన్సర్ అని తేలింది. చికిత్స తర్వాత ఇప్పుడు బాగానే ఉంది. అప్పటి నుంచి అమ్మాయిది ఒకటే మాట, లింఫోమా, బ్లడ్ క్యాన్సర్ల జన్యువుల మీద రీసెర్చ్ చేస్తానని. దానికి డాక్టరు చదువు ఉండక్కర్లేదా? ఎన్నేళ్లు పడుతుంది? కోడింగ్ అంటే తనకు భయం కూడా. మేనత్త జబ్బు తనకూ వస్తుందేమోనన్న భయంతోనే ఇలా అంటోందా అని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ చివరి సందేహమే ముందు తీసుకుంటాను. అమ్మాయి చదవబోయే సబ్జెక్టు కూడా అక్కడే మొదలవుతుంది.

జన్యువుల్లో మార్పు అనగానే తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు దిగేదే అనుకుంటాం. లింఫోమాలో కనిపించే మార్పుల్లో చాలావరకు అలాంటివి కావు. మనిషి పుట్టాక ఎప్పుడో ఒక కణంలో మొదలై, ఆ కణం నుంచి పుట్టిన కణాలకే పరిమితమయ్యేవి. దగ్గరి రక్తసంబంధీకులకు రిస్క్ కొద్దిగా పెరుగుతుందన్న మాట నిజమే. అయినా వాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు ఎప్పటికీ రాదు. ఇంకా గుబులుగా ఉంటే మీ చెల్లెలికి వైద్యం చేసిన డాక్టరునే ఒకసారి అడగండి, ఆ బరువు దిగిపోతుంది.

మరి ఆ ఒక్క కణంలో మార్పు ఎందుకొస్తుంది? మీ చెల్లెలికి వచ్చిన రకం మొదలయ్యేది బి కణాల్లో. క్రిములను పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసే ఈ తెల్ల రక్తకణాలకు ఒక విచిత్రమైన పని ఉంది. ఏ క్రిమి ఎప్పుడొస్తుందో తెలియదు, అన్నింటికీ విడివిడిగా జన్యువులు దాచుకోవడం కుదరదు. అందుకని ఇవి తమ డీఎన్ఏను తామే కోసుకుని, కొత్త వరుసలో అతికించుకుంటాయి. ఆ కోతల్లో ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. 18వ క్రోమోజోమ్ మీద ఉండాల్సిన బీసీఎల్2 అనే జన్యువు వెళ్లి 14వ క్రోమోజోమ్ మీద, యాంటీబాడీ జన్యువు పక్కన అతుక్కుంటుంది. బి కణంలో యాంటీబాడీ జన్యువు ఎప్పుడూ జోరుగా పనిచేస్తుంటుంది కాబట్టి పక్కకు చేరిన బీసీఎల్2కీ అదే జోరు వస్తుంది. ఫాలిక్యులర్ లింఫోమా రోగుల్లో ఎక్కువమందిలో కనిపించేది ఈ మార్పే.

ఈ బీసీఎల్2 ఏం చేస్తుందో 1988లో బయటపడింది. క్యాన్సర్ జన్యువంటే కణాన్ని గబగబా విభజించేదే అనుకునే రోజులవి. ఇది కణాన్ని విభజించడం లేదని, చావాల్సిన కణాన్ని చావనివ్వడం లేదని డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు చూపించారు. అప్పటికి వాక్స్ ఇంకా పీహెచ్‌డీ విద్యార్థి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ మందుకు ఒక రకం లుకేమియాలో (బ్లడ్ క్యాన్సర్‌లో) అమెరికా అనుమతి దొరికింది 2016లో. మధ్యలో 28 ఏళ్లు. ఆ లెక్క అమ్మాయికి తప్పకుండా చెప్పండి. నిరుత్సాహపరచడానికి కాదు. అత్తకు జబ్బు చేసిన బాధతో ఈ దారి పట్టిన పిల్లలు రెండు మూడేళ్లలో ఏదో ఒకటి కనిపెట్టేయాలని ఆరాటపడతారు, అది జరగకపోతే తమనే తాము నిందించుకుంటారు. అలా కుంగిపోయిన పిల్లలను చూశాను కాబట్టే ముందే చెబుతున్నాను.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఈ 14, 18 క్రోమోజోముల మార్పు ఏ జబ్బూ లేని చాలామంది రక్తంలో కూడా కొద్ది కణాల్లో దొరుకుతుంది. వాళ్లలో ఎక్కువమందికి లింఫోమా రాదు. అంటే ఈ ఒక్క పొరపాటు చాలదు, ఇంకేవో మార్పులు తోడవ్వాలి. అవి ఏ వరుసలో, ఎందుకు కొందరిలోనే వస్తాయన్నది శాస్త్రవేత్తలు ఈ రోజుకీ తవ్వుతున్న ప్రశ్న. ఇది వినగానే అమ్మాయి కళ్లు వెలిగితే ఈ దారి తనదే. మేనత్త కథ దగ్గరే ఆగిపోతే ఇంకాస్త ఆలోచించుకోనివ్వండి.

డాక్టరు చదువు తప్పనిసరి కాదు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఒక రకం బ్లడ్ క్యాన్సర్ రోగుల కణాల్లో మామూలు కంటే చిన్నగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను గుర్తించారు. నోవెల్ డాక్టరు, హంగర్‌ఫర్డ్ అప్పటికి పరిశోధక విద్యార్థి. ఆ చిన్న క్రోమోజోమ్ ఎలా పుట్టిందో తేల్చింది జానెట్ రౌలీ. ఆమె డాక్టరే, కానీ నలుగురు కొడుకులను పెంచుకుంటూ ఏళ్ల తరబడి పార్ట్‌టైమ్‌గానే పనిచేశారు. క్రోమోజోముల ఫొటోలను కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరిచి జతలు కూర్చేవారు. కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. అలా చూస్తూ చూస్తూ 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోటికి ఒకటి మారాయని గమనించి 1973లో ప్రకటించారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. ఆ అతుకు నుంచి పుట్టే ప్రోటీన్‌ను ఆపే ఇమాటినిబ్ 2001లో వచ్చి, ఆ జబ్బు వచ్చినవాళ్ల జీవితాలనే మార్చేసింది. అమ్మాయికి పెళ్లి, పిల్లలు అంటూ తొందర పెట్టాలనిపించినప్పుడు ఆ డైనింగ్ టేబుల్‌ను గుర్తుచేసుకోండి.

ఇక ఏళ్ల సంగతి. పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగు నుంచి ఆరేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక వేరే శాస్త్రవేత్త ల్యాబులో చేసే పరిశోధన, ఇంకొన్నేళ్లు. పీహెచ్‌డీలో స్టైపెండ్ వస్తుంది, ఇల్లు కొనేంత కాదు. సొంత ల్యాబ్ నడిపే స్థాయికి చేరేవాళ్లు తక్కువ, ఆ మాట దాచను. అయితే ఈ చదువుకు ప్రొఫెసర్ కుర్చీ ఒక్కటే గమ్యం కాదు. డయాగ్నొస్టిక్ ల్యాబులు, మందుల కంపెనీలు, జెనెటిక్ కౌన్సెలింగ్ అన్నీ ఉన్నాయి. రోగనిర్ధారణ ల్యాబులో ఫిష్ పరీక్ష (జన్యువులకు మెరిసే రంగులు అంటించి, అవి ఎక్కడున్నాయో చూసే పరీక్ష) స్లైడును నేనొకసారి మైక్రోస్కోపులో చూశాను. నల్లటి తెర మీద నీలంగా గుండ్రటి కేంద్రకాలు, వాటిలో ఎర్ర చుక్కలు రెండు, ఆకుపచ్చ చుక్కలు రెండు విడివిడిగా ఉన్నాయి. పక్క కణంలో ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ కలిసిపోయి పసుపుగా మెరిశాయి. ఆ పసుపు చుక్కే జన్యువులు అతుక్కున్నాయనడానికి గుర్తు. ఇలా ఒక్కో నమూనాలో వందలాది కణాలను లెక్కపెట్టాలి. స్లైడు మీద పేరు లేదు, నంబరే ఉంది. ఆ నంబరు వెనక ఎవరో ఒకరి అత్త ఉందని గుర్తుంచుకునే పిల్ల ఆ లెక్క తప్పదు.

కోడింగ్ భయం పోవాలి, ఇక్కడ రాజీ కుదరదు. రౌలీ కత్తెరతో చేసిన పని ఇవాళ డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్ యంత్రాలు, కంప్యూటర్లు చేస్తున్నాయి. 2000లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అనే ఇంకో రకంలో కనీసం రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉన్నాయని వేలాది జన్యువుల పనితీరును పోల్చి పట్టుకుంది. అది కంటితో తేలేది కాదు. రోజుకు గంట ఆర్ గానీ పైథాన్ గానీ, ఈ రెండు కోడింగ్ భాషల్లో ఒకటి మొదలుపెట్టమనండి. సీబయోపోర్టల్ అనే వెబ్‌సైట్‌లో నిజమైన రోగుల జన్యు సమాచారం పేర్లు లేకుండా, ఉచితంగా దొరుకుతుంది. లింఫోమా డేటా తెరిచి, బీసీఎల్2 అని టైప్ చేసి చూస్తే చాలు, భయం సగం తగ్గుతుంది.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు చూసి మోసపోవద్దు. అక్కడ చదువుతున్న పిల్లలను విడిగా కలిసి, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది, గైడ్ వారానికి ఒకసారైనా కూర్చుని మాట్లాడతారా, పరిశోధన పేపర్లో మొదటి పేరు ఎవరిది వేస్తారు అని అడగమనండి. ఈ మూడు తెలుసుకోకుండా చేరిపోయి చాలామంది నలిగిపోయారు.

మీరు ఈ వారమే చేయగల పని ఒకటుంది. మీ చెల్లెలు ఒప్పుకుంటే ఆమె బయాప్సీ రిపోర్టు అమ్మాయి చేతికివ్వండి. అందులో సీడీ20, బీసీఎల్2, బీసీఎల్6 లాంటి పేర్లు, అంటే ఆ కణాల్లో వెతికి చూసిన ప్రోటీన్ల పేర్లు, ఉంటాయి. ఒక్కో పేరూ ఏమిటో వెతికి తెలుసుకుని, అత్తకూ మీకూ మామూలు తెలుగులో చెప్పమనండి. అర్థం కాని చోట అడ్డుపడి అడగండి. ఆ సాయంత్రం తను ఎలా మాట్లాడిందో నాకు మళ్లీ రాయండి, పీజీలో ఏ బ్రాంచి తీసుకోవాలో అప్పుడు చెబుతాను.